చేపకీ మీకూ మధ్య నీళ్ళు తగ్గించండి

(చెన్నై వేళచ్చేరిలోని ఒక అపార్ట్‌మెంట్ హాల్లో, అండమాన్ డైవింగ్ ప్రయాణానికి సిద్ధమవుతున్న తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాటల్లోకి వెళ్ళేముందు ఒక చిన్న పని చేద్దాం. ఈ రెండు ప్లాస్టిక్ పెట్టెలు చూడండి. కెమెరాని లోపల పెట్టి నీళ్ళలోకి తీసుకెళ్ళే హౌసింగులు ఇవి. రెండూ ఖాళీగానే ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక టిష్యూ కాగితం మడిచి పెట్టాను. మొదటిదాని రబ్బరు రింగుని మీ ముందే శుభ్రంగా తుడిచి మూస్తున్నాను. రెండోదానికి... పాపా, నీ జడలోంచి ఒక్క వెంట్రుక ఇస్తావా? సంతోషం. ఈ వెంట్రుకని రింగు మీద అడ్డంగా వేసి మూస్తున్నాను. రెండిటినీ ఈ బకెట్ నీళ్ళలో ముంచి, తేలకుండా పైన ఇటుక పెడుతున్నాను. చివర్లో తీసి చూద్దాం.

జనవరిలో హావ్‌లాక్ వెళ్దామని మన గ్రూపులో చాలామందే పేర్లిచ్చారు. ఆ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, పడవవాళ్ళూ డైవ్ సెంటర్లవాళ్ళూ ఇప్పటికీ హావ్‌లాక్ అనే అంటారు. నాకూ అదే అలవాటు. పేరిచ్చిన దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న: ఏ కెమెరా కొనమంటారు? పండగ సేల్ ఉంది, ఈ రాత్రితో ఆఫర్ అయిపోతుంది, తొందరగా చెప్పండి అని ఫోన్లు. కొనేది మీ కష్టార్జితంతో. అందుకే ఫోన్లో ఒక్క ముక్కలో తేల్చకుండా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలనుకున్నాను.

మోడల్ పేర్ల కన్నా ముందు నీళ్ళ సంగతి తెలియాలి. నేను డైవింగ్ నేర్చుకున్న కొత్తలో పాండిచ్చేరి దగ్గర పదిహేను మీటర్ల లోతుకి దిగాను. గుళ్ళో కట్టించుకున్న ఎర్ర దారం నా చేతికుంది. కింద వాచీ చూసుకుందామని చెయ్యెత్తితే దారం నల్లగా కనిపించింది. కాసేపు అర్థం కాలేదు, దారం మారిపోయిందా అనిపించింది. మా ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికొచ్చి టార్చి వేశారు. దారం కుంకుమలా భగ్గుమంది. టార్చి ఆర్పితే మళ్ళీ నలుపు. నీళ్ళలో ఫోటో గురించి నాకు తెలిసిందంతా ఆ క్షణం దగ్గరే మొదలైంది.

నీళ్ళు వెలుగులోంచి రంగుల్ని ఒక్కొక్కటిగా మింగేస్తాయి. ముందు పోయేది ఎరుపు. అయిదు మీటర్లకే బాగా తగ్గిపోతుంది, పది మీటర్లు దాటితే దాదాపు మిగలదు. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. చివరికి నీలమే మిగులుతుంది. అందుకే లోతులో తీసిన మామూలు ఫోటోలన్నీ నీలంమందు కలిపిన బకెట్లో ముంచి తీసినట్టుంటాయి.

లోతు లెక్క అందరికీ తెలుసు. పక్కకి ఉండే దూరం కూడా లెక్కలోకి వస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. మీరు పది మీటర్ల లోతులో ఉన్నారు, తాబేలు మీకు అయిదు మీటర్ల దూరంలో ఉంది అనుకోండి. ఎండ పదిమీటర్ల నీళ్ళు దాటి తాబేలు మీద పడింది. అక్కణ్ణుంచి ఇంకో అయిదు మీటర్లు దాటి మీ కెమెరాలోకి వచ్చింది. మొత్తం పదిహేను మీటర్లు. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఆ పదిహేను మీటర్లలో పోయిన ఎరుపుని వెనక్కి తేలేదు. అదీగాక నీళ్ళలో ఇసుక, నాచు ముక్కలు, కంటికి ఆనని జీవాలు తేలుతుంటాయి. దూరం పెరిగేకొద్దీ ఫోటో మసకబారుతుంది.

కాబట్టి నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. చేపకీ మీకూ మధ్య ఉన్న నీళ్ళు తగ్గించండి. కొనే ప్రతి వస్తువునీ ఈ ప్రశ్నతోనే తూచండి: ఇది నన్ను దగ్గరికి వెళ్ళనిస్తుందా? దగ్గరికి వెళ్ళాక రంగు తెచ్చిపెడుతుందా? ఈ రెండిటిలో ఏదీ చెయ్యని వస్తువుకి డబ్బు పెట్టకండి.

ఇప్పుడు మీలో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూద్దాం. మొదటిసారి దిగేవాళ్ళు, అంటే కోర్సు ఏమీ చెయ్యకుండా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని పన్నెండు మీటర్లలోపు తిప్పి తెచ్చే డైవ్ చేసేవాళ్ళు, కెమెరా కొనకండి. ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. ఆ గంటలో మీరు చెయ్యాల్సిన పని ఊపిరి ఆపకుండా తీసుకోవడం, చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడం, కళ్ళు తెరిచి చూడటం. చేతిలో కెమెరా ఉంటే ఈ మూడూ మర్చిపోతారు. చాలా సెంటర్లు మిమ్మల్ని కెమెరా తీసుకెళ్ళనివ్వవు కూడా. వాళ్ళే వీడియో తీసి ఇస్తారు. మెమరీ కార్డు ఒకటి మీదే తీసుకెళ్ళండి, ఫైళ్ళు అసలు సైజులో ఇమ్మని అడగండి. వాట్సాప్‌లో పంపిస్తే నీళ్ళ రంగంతా గళ్ళు గళ్ళుగా పగిలిపోతుంది.

ఓపెన్ వాటర్ కోర్సు చేసినవాళ్ళు పద్దెనిమిది మీటర్ల దాకా వెళ్ళొచ్చు, అడ్వాన్స్‌డ్ చేసినవాళ్ళు ముప్పై దాకా. మీకు కెమెరా పనికొస్తుంది. అయితే నీళ్ళలో కదలకుండా ఒకచోట తేలి నిలబడటం, దాన్నే బాయన్సీ అంటారు, అది చేతికొచ్చాకే. ఈ మాట చెప్పడానికి నాకొక కారణం ఉంది. నా ఏడో డైవ్‌లోనో ఎనిమిదో డైవ్‌లోనో ఒక చిన్న చేపని తీస్తూ మైమరిచిపోయాను. వెనకాల నా ఫిన్, అంటే ఈదడానికి కాలికి తొడుక్కునే రెక్క, తగిలి కొమ్మలాంటి పగడం ఒకటి విరిగింది. నీళ్ళలో శబ్దం బాగా వినిపిస్తుంది. ఆ చిన్న టక్ మన్న శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బండలా పెరిగే పగడమైతే ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతుంది. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు విపరీతంగా తెల్లబడి చచ్చిపోయాయి. బతికి బట్టకట్టినవాటిని మనం తన్ని విరగ్గొట్టకూడదు. తర్వాత ఏడాదిపాటు నేను కెమెరా ముట్టుకోలేదు. ముందు తేలడం నేర్చుకున్నాను.

సరే, కెమెరాలు. మన బడ్జెట్‌లో మూడు దారులున్నాయి.

మొదటిది ఫోను. ఇందాక బాబాయిగారు అడిగారు, నా ఫోను వాటర్‌ప్రూఫే కదా అని. బాబాయిగారూ, ఫోను మీద ఐపీ68 అని, అంటే నీళ్ళని తట్టుకుంటుందనే రేటింగ్, రాసి ఉన్నా ఆ పరీక్ష చేసేది మంచినీళ్ళలో, ఉప్పునీళ్ళలో కాదు. ఐఫోన్ 12 నుంచి వచ్చిన మామూలు మోడళ్ళకి ఆరు మీటర్లు, ముప్పై నిమిషాలు అని కంపెనీ చెబుతుంది. శాంసంగ్ ఎస్ సిరీస్‌కి మీటరున్నర. నీళ్ళు పోయి పాడైతే మామూలు వారంటీ వర్తించదు. అదీగాక నీళ్ళలో టచ్ స్క్రీన్ పని చెయ్యదు. మెళ్ళో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్‌లు ఒడ్డున పిల్లల కేరింతలు తియ్యడానికే. లోతుకి వెళ్తే లోపలి గాలి నలిగి ప్లాస్టిక్ ఫోనుకి అతుక్కుపోతుంది. నలభై మీటర్లకి రేటింగ్ ఉన్న గట్టి ఫోన్ హౌసింగులు కూడా వస్తాయి. ఫోటోలు బాగానే వస్తాయి. కానీ మీ బ్యాంకు యాప్‌లూ, ఓటీపీలూ, తిరుగు టికెట్టూ అన్నీ ఉన్న ఫోనుని ఇరవై మీటర్ల కిందకి తీసుకెళ్తున్నారు. నేనైతే ఆ పని చెయ్యను. ఇంట్లో పాత ఫోను ఏదైనా ఉంటే దాన్ని పెట్టుకోండి.

రెండోది యాక్షన్ కెమెరా. గోప్రో, డీజేఐ ఆస్మో యాక్షన్ లాంటివి. మనలో ఎక్కువమందికి సరిపోయేది ఇదే. హౌసింగ్ లేకుండా గోప్రో హీరో బ్లాక్ పది మీటర్లు తట్టుకుంటుంది. ఆస్మో యాక్షన్ 4 పద్దెనిమిది, యాక్షన్ 5 ప్రో ఇరవై. రెండు కంపెనీల డైవ్ హౌసింగులూ అరవై మీటర్లకి రేటింగ్ ఉన్నవే. పద్దెనిమిది మీటర్లు తట్టుకుంటుంది కదా, ఇంక హౌసింగ్ ఎందుకు అనుకోకండి. ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఇరవై మీటర్ల దగ్గర ఒంటి మీద మూడింతలు. బ్యాటరీ తలుపు సరిగ్గా పడకపోతే అక్కడ క్షమించేవాళ్ళు ఎవరూ ఉండరు. కొత్త మోడల్ కోసం పోకుండా ఒకటి రెండేళ్ళ కిందటి మోడల్ తీసుకోండి. నీళ్ళ కింద ఆ తేడా కనపడదు. మిగిలిన డబ్బుకి ఏం చెయ్యాలో ఇప్పుడే చెబుతాను.

యాక్షన్ కెమెరాకి ఒక లోపం ఉంది. దాని చూపు చాలా వెడల్పు. తాబేలు, చేపల గుంపు, మీ ఆవిడ నీళ్ళలో తేలుతున్న దృశ్యం, వీటికి అద్భుతంగా ఉంటుంది. చిన్న చేప దగ్గరికొచ్చేసరికి మాత్రం, రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే, ఆకాశంలో గాలిపటమంత కనపడుతుంది. ఎంత దగ్గరికి వెళ్ళినా మంచిదే కదా అని ముక్కుకి ఆనిస్తే ఫోకస్ పోతుంది. చాలావాటికి సుమారు ముప్పై సెంటీమీటర్ల కన్నా దగ్గర స్పష్టంగా రాదు. పిల్లల స్కూలు స్కేలు ఉన్నంత దూరం గుర్తుపెట్టుకోండి. అక్కడ ఆగండి.

చిన్న ప్రాణుల మీద ఇష్టం ఉంటే మూడో దారి, గట్టి కాంపాక్ట్ కెమెరా. ఒలింపస్ టీజీ-6, దాని తర్వాత 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చిన టీజీ-7. హౌసింగ్ లేకుండా పదిహేను మీటర్లు, కంపెనీ హౌసింగ్‌తో నలభై అయిదు మీటర్లు. దీని గొప్పతనం మైక్రోస్కోప్ మోడ్. లెన్సుకి సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువు కూడా స్పష్టంగా వస్తుంది. న్యూడీబ్రాంక్ అని చిటికెనవేలంత సముద్రపు నత్తలుంటాయి, పైన డొప్ప ఉండదు. దాని ఒంటి మీద ఊదారంగు అంచు, నారింజ చుక్కలు. మామూలుగా పక్కనుంచి ఈదుకుంటూ వెళ్ళిపోతాం, ఉందని కూడా తెలియదు. టీజీ కెమెరాలో దాన్ని చూశాక నేను ఒక్క బండ దగ్గరే ఇరవై నిమిషాలు గడపడం మొదలుపెట్టాను. సెంటీమీటరు దూరం అంటే మధ్యలో నీళ్ళే లేనట్టు. రంగు పోవడానికి చోటెక్కడిది? అండమాన్‌లో నీళ్ళు మసగ్గా ఉన్న రోజు అందరూ నిట్టూరుస్తుంటే ఈ కెమెరా ఉన్నవాళ్ళు హాయిగా పని చేసుకుంటారు.

పెద్ద డీఎస్ఎల్ఆర్ గురించి అడగకండి. హౌసింగే కెమెరా అంత ఖరీదు, పైగా కెమెరా మార్చిన ప్రతిసారీ హౌసింగూ మార్చాలి.

ఇప్పుడు మిగిలిన డబ్బు సంగతి. లైటు కొనండి. ఈ ఒక్క మాట మీరు వింటే నేను ఇవాళ వచ్చిన పని అయినట్టే. మీ దగ్గర నలభై వేలుంటే నలభై వేల కెమెరా కొనకండి. పాతిక ముప్పై వేలలో కెమెరా, హౌసింగ్ సర్దుకుని మిగతాది లైటుకి ఉంచండి. 1926లో ఫ్లోరిడా తీరంలో విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ అనే ఇద్దరు నీళ్ళ కింద మొట్టమొదటి రంగుల ఫోటో తీశారు, ఒక చేపది. వెలుగు చాలక పైన తెప్ప మీద మెగ్నీషియం పొడి పోసి పేల్చారు. ప్రాణాల మీదకి వచ్చే పని అది. వాళ్ళు అంత తెగించింది వెలుగు కోసమే. మనకిప్పుడు ఆ వెలుగు గుప్పిట్లో పట్టే టార్చిలో దొరుకుతోంది.

మామూలు డైవ్ టార్చి కాదు, వీడియో లైటు. టార్చి వెలుగు మధ్యలో గుండ్రంగా గట్టిగా పడి చుట్టూ చీకటి మిగులుతుంది. వీడియో లైటు వెడల్పుగా, మెత్తగా పరుచుకుంటుంది. కోణం వంద డిగ్రీలకి తగ్గకుండా చూసుకోండి. వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు. చిన్న ప్రాణులకి వెయ్యి ల్యూమెన్లు చాలు. చేతిదూరంలో చేపలకి రెండువేలు, ఆపైన ఉంటే బాగుంటుంది. ఎంత లైటయినా మీటరు దాటితే పెద్దగా పని చెయ్యదు, మళ్ళీ దగ్గరికి వెళ్ళాల్సిందే.

లైటుని లెన్సు పక్కనే పెట్టకండి. రాత్రి వానలో కారు హెడ్‌లైట్ల ముందు చినుకులు ఎలా మెరుస్తాయో, నీళ్ళలో తేలే నలకలన్నీ అలా మెరుస్తాయి. ఫోటో నిండా తెల్ల చుక్కలు. అందుకే కెమెరాని బిగించడానికి ఒక ట్రే, దానికి ఒక చెయ్యిలాంటి రాడ్డు, దాని చివర లైటు. పక్కనుంచి ఏటవాలుగా వెలుగు పడాలి. కెమెరాలో ఉండే ఫ్లాష్ కూడా ఇదే కారణంతో ఆపేయాలి.

లైటుకి డబ్బు చాలదంటే ఎర్ర ఫిల్టర్. చవకగా దొరుకుతుంది. అయిదు నుంచి ఇరవై మీటర్ల మధ్య, ఎండ బాగా ఉన్నప్పుడు పని చేస్తుంది. లైటు వేసినప్పుడు మాత్రం ఫిల్టర్ తీసెయ్యాలి, లేకపోతే అంతా ఎర్రబడిపోతుంది. అసలు ఫిల్టర్ కూడా లేకుండా, కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్, అంటే ఏది తెలుపో మనమే చూపించి రంగులు సర్దే సెట్టింగ్, ఉంటే నీళ్ళలో రాసుకునే తెల్లటి డైవ్ స్లేట్ చూపించి సరిచేసుకోవచ్చు. నాలుగైదు మీటర్ల లోతు మారినప్పుడల్లా మళ్ళీ చెయ్యాలి. విసుగ్గా ఉంటుంది, కానీ ఉచితం.

ఇప్పుడు రబ్బరు రింగు దగ్గరికి వద్దాం. ఇది కాస్త ఓపిగ్గా చెబుతాను. ఎందుకంటే నేను ఒక కెమెరా పోగొట్టుకున్నాను. పడవ మీద రెండు డైవ్‌ల మధ్య తొందరలో బ్యాటరీ మార్చాను. చేతులు తడిగా ఉన్నాయి, టవల్‌తో తుడుచుకుని మూత వేశాను. టవల్ దారప్పోగు ఒకటి రింగు మీద ఉండిపోయింది. తొమ్మిది మీటర్ల దగ్గర గాజు లోపల చిన్న నీటిబొట్టు కనపడింది, తర్వాత ఇంకోటి. ఒడ్డుకి వచ్చేసరికి లోపల సగందాకా ఉప్పునీళ్ళు. ఇలా జరిగితే ఏం చెయ్యాలో వినండి. కెమెరా కోసం గబగబా పైకి రాకండి. నిమిషానికి తొమ్మిది మీటర్ల వేగం దాటకూడదు, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మానకూడదు. కెమెరా వస్తువు. మీ ఇంట్లోవాళ్ళు మీ కోసం ఎదురుచూస్తుంటారు, కెమెరా కోసం కాదు.

రింగుని ఇలా చూడాలి. గోళ్ళతో కాదు, వేలి మెత్తటి భాగంతో నెమ్మదిగా పక్కకి నెట్టి పైకి తియ్యాలి. రెండు వేళ్ళ మధ్య మెల్లగా జరుపుతూ పోండి. ఇసుక రేణువు ఉంటే గరుగ్గా తగులుతుంది. కళ్ళకన్నా వేళ్ళే బాగా పట్టుకుంటాయి. తర్వాత గాడిని మెత్తటి గుడ్డతో తుడవాలి, దూది వద్దు, పోగులు వదుల్తుంది. హౌసింగ్‌తో ఇచ్చిన గ్రీజు బియ్యపుగింజంత, రింగు నిగనిగలాడితే చాలు. ఎక్కువ రాస్తే దుమ్ము అంటుకుంటుంది. గ్రీజు నీళ్ళని ఆపదు, రింగు సులువుగా ఒదగడానికి మాత్రమే. కొన్ని కంపెనీల రింగులకి వాళ్ళ గ్రీజే వాడాలి, అసలు రాయొద్దనేవాళ్ళూ ఉన్నారు. కాగితం చదవండి.

ఈ పనంతా పొద్దున్న పడవ మీద కాదు, ముందురోజు రాత్రి రూములో చెయ్యాలి. ఏసీ గాలిలో తేమ తక్కువ, అక్కడే మూసేస్తే లోపల ఆవిరి పట్టదు. పడవ మీద ఉక్కగాలిలో మూస్తే, కెమెరా వేడెక్కి, బయట నీళ్ళు చల్లబరిచి, అద్దం లోపల మంచుపొరలా పట్టేస్తుంది. డైవ్ అంతా వృథా. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెట్టండి. డైవ్ అయ్యాక తెరవకుండానే మంచినీళ్ళ బకెట్లో నానబెట్టి, బటన్లన్నీ నొక్కండి. ఉప్పు ఎండితే గట్టిపడి బటన్లని పట్టేస్తుంది. తెరిచేటప్పుడు తలుపు కిందకి ఉండేలా పట్టుకోండి, చుక్కలు లోపల పడవు.

విమానం సంగతి ఒక్క మాట. లైటు, కెమెరాల విడి లిథియం బ్యాటరీలు చెకిన్ సామానులో వెయ్యకూడదు, చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. ఎయిర్‌పోర్ట్‌లో సూట్‌కేసు తెరిపించి టెన్షన్ పడొద్దు.

చట్టం కూడా చెప్పాలి. గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలకి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఒడ్డున పడి ఉన్న పగడపు ముక్క అయినా సరే, పిల్లలు జేబులో వేసుకుంటే తీసి పెట్టించండి. ఫోటో కోసం ఏ ప్రాణినీ కదపొద్దు, కర్రతో పొడవొద్దు. క్లౌన్ చేప తను కాపురముండే అనిమోన్‌ని, అంటే పువ్వులా ఉండే సముద్ర జీవిని, వదిలి దూరం పోదు. మీరు ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ రెండు నిమిషాలు కదలకుండా ఉంటే, మొదట దాక్కున్న చేప అదే బయటికి వచ్చి మీ ముఖంలోకి చూస్తుంది. అప్పుడు తియ్యండి.

వెళ్ళేముందు ఇక్కడే సాధన చెయ్యండి. మన అపార్ట్‌మెంట్ ఈతకొలను ఉందిగా. అడుగున ఒక రంగుల చెంచా పెట్టి, కాళ్ళు తగలకుండా తేలుతూ దాన్ని తియ్యండి. చేతికి గ్లోవ్స్ ఉన్నట్టు ఊహించుకుని బటన్లు వెతకండి. తర్వాత ఒక శని, ఆదివారం ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద పాండిచ్చేరి వెళ్ళి, కొత్త హౌసింగుని కెమెరా లేకుండా, టిష్యూ పెట్టి ఒక డైవ్ చేయించండి.

పిన్నిగారు చెయ్యెత్తారు. అద్దెకి దొరుకుతాయా అని. దొరుకుతాయండి, చాలా డైవ్ సెంటర్లు రోజు లెక్కన ఇస్తాయి. ఏడాదికి ఒక్క ప్రయాణం చేసేవాళ్ళకి అదే మంచిది. రెండు రోజులు యాక్షన్ కెమెరా, ఒకరోజు కాంపాక్ట్ వాడి చూస్తే మీ చెయ్యి దేనికి అలవాటు పడుతుందో తెలిసిపోతుంది. తీసుకునేటప్పుడు రింగుని మీరే తీసి చూసుకోండి. మొహమాటపడకండి.

సరే, బకెట్ దగ్గరికి వద్దాం. ముందు వరుసవాళ్ళు కాస్త జరగండి, పిల్లలు ముందుకి రావాలి. ఇటుక తీస్తున్నాను. ఇది శుభ్రంగా తుడిచి మూసినది. పైన నీళ్ళు తుడిచాను, తలుపు కిందకి పెట్టి తెరుస్తున్నాను. టిష్యూ చూడండి, పొడిగా ఉంది, ఊదితే ఎగురుతోంది. ఇప్పుడు వెంట్రుక వేసినది. పాపా, నువ్వే తెరువు. ఆ మూల చూడు. తడిసింది కదా? ఒక్క జానెడు నీళ్ళలో, ఒక్క వెంట్రుకకి. లోతులో అయితే నీళ్ళ బరువు తలుపుని నొక్కిపడుతుంది. ఇలా పైపైన ఉన్నప్పుడు నొక్కేవాళ్ళు ఉండరు, అందుకే చాలా కెమెరాలు పడవ పక్కనో బకెట్లోనో తడుస్తాయి. ఆ టిష్యూని అందరికీ చూపించు తల్లీ. తర్వాత మీలో ఒక్కొక్కరూ వచ్చి ఈ రింగు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టండి. గ్రీజు ఇక్కడ ఉంది. బకెట్ ఇక్కడే ఉంటుంది.